కరటకం మీద పెట్టె

మా అమ్మమ్మ వాళ్ళింట్లో అటకని ఎవరూ అటక అనేవాళ్ళు కాదు, కరటకం అనేవాళ్ళు. "రేయ్ అబ్బయ్యా, కరటకం మీద జల్లెడ ఉండాది, దించిపెట్టు" అని అమ్మమ్మ కేకేసేది, నేను కుర్చీ మీద ముక్కాలిపీట వేసుకుని ఎక్కేవాణ్ణి. ఐదో తరగతి దాకా అది అందరూ వాడే మాటే అనుకున్నాను. బళ్ళో ఒకసారి ఇంటి భాగాల పేర్లు రాయమంటే వసారా, నడవ, వంటిల్లు, కరటకం అని రాసుకెళ్ళాను. మాస్టారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'అటక' అని రాశారు. ఏడుపు మొహంతో ఇంటికొస్తే తాత పలక కింద పెట్టించి, పక్కన కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పాడు.

కన్యాశుల్కంలో కరటకశాస్త్రి అని ఒకాయన ఉన్నాడు కదా, ఆయన పేరది. పంచతంత్రంలో కరటకుడు, దమనకుడు అని రెండు నక్కలుంటాయి, గురజాడ ఆ నక్క పేరే తెచ్చి తన నాటకంలో జిత్తులమారి శాస్త్రికి పెట్టాడు. మా తాత ఆ పేరుని ఇంకోరకంగా విరిచాడు. కరం అంటే చెయ్యి, చెయ్యెత్తితే అందే అటక కరటక. మా ఇంటి అటక నిజంగానే అంత పొట్టిది, దాని మీదే ఆయన నాటకాల పుస్తకాల పెట్టె ఉండేది. మర్నాడు నేను బళ్ళో ఈ మాట చెబితే మాస్టారు నవ్వి, కర, అటక కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి 'కరాటక' అవ్వాలిరా అన్నారు. దానికి తాత జవాబు పంపాడు నా చేతే. సవర్ణదీర్ఘం రావాలంటే రెండూ సంస్కృత పదాలై ఉండాలి, అటక తెలుగు మాట, కాబట్టి మేన, అత్త కలిసి మేనత్త అయినట్టు ఇక్కడ అత్వసంధే సరి అని. సంస్కృతానికి తెలుగు కలిపితే వైరి సమాసం అవుతుందని ఆయనకీ తెలుసు. "వైరి సమాసమే, ఒప్పుకుంటా, కానీ నక్క పేరు కదా, కాస్త వైరం ఉంటే తప్పులేదని చెప్పు మీ అయ్యవారికి" అన్నాడు. ఆ ఆదివారం ఆ మాస్టారే మా ఇంటికొచ్చి ఆ పెట్టె దింపించి పొద్దు గూకేదాకా పుస్తకాలు చూస్తూ కూర్చున్నారు.

మొన్న సంక్రాంతికి ఆ ఇల్లు విప్పారు. మా మామ డాబా వేస్తున్నాడు. అటక కొయ్యలు ఊడదీస్తుంటే నేనూ ఉన్నాను. పెట్టె నా చేతికొచ్చింది, అప్పట్నించీ ఈ సంగతులన్నీ రాయాలనుంది.

మా ఊరు కందుకూరుకి దగ్గర. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మేము నెల్లూరు జిల్లా, ఆ తర్వాత యాభై ఏళ్ళ పైచిలుకు ప్రకాశం జిల్లా, 2022లో మమ్మల్ని మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిపారు. తాత ఉండుంటే మన ఊరు రెండు పాత్రల్నీ మేకప్ తీయకుండానే పోషించింది అనేవాడు. మా వైపు మాటలోనూ ఆ రెండూ కలిసే ఉంటాయి. పిలకాయలు అంటాం, పోబాక, చెప్పబాక అంటాం, ఏందబ్బా అంటాం.

తాత వేషగాడు కాదు. ఆయన గొంతు పద్యానికి పనికిరాదు, అది ఆయనే అందరికన్నా ముందు చెప్పేవాడు. ఆయన పని తెర వెనక నించోని మాటలు అందించడం. ప్రాంప్టర్ అనాలి, మా ఊళ్ళో 'అందింపు' అనేవాళ్ళు. బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్ర, తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయాలు, చిలకమర్తి వారి గయోపాఖ్యానం, వీటిలో ఏ పద్యం ఎక్కడ మరిచిపోయినా ఎత్తుగడ అందించేసేవాడు. అది అంత తేలికైన పనేం కాదు. రెండో వరసలో వాళ్ళకి వినపడకూడదు, పాత్రధారికి మాత్రం వినపడాలి, పైగా అతను రాగం తీస్తున్నాడా, మరిచిపోయి సాగదీస్తున్నాడా అనేది పట్టుకోవాలి. రాగం తీస్తున్నవాడికి మాట అందిస్తే కోపం వస్తుంది, మరిచిపోయినవాడికి అందించకపోతే నాటకం పోతుంది.

మాది పొగాకు పండించే నేల. ఆకుని కర్రలకు కట్టి బ్యారన్‌లో, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టంలో, ఎక్కిస్తే అయిదారు రోజులు రాత్రీ పగలూ పొయ్యి ఆరకూడదు, వేడి ఒకసారి ఎక్కువైనా ఒకసారి తగ్గినా ఆకు రంగు చెడిపోతుంది. అందుకని రాత్రిళ్ళు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ కాపలా రాత్రుల్లోనే మా ఊరి నాటకానికి రిహార్సల్స్ జరిగేవి. హార్మోనియం గోనెపట్టా మీద, మనుషులు పొయ్యి చుట్టూ, పచ్చాకు మగ్గే వాసన, మధ్యలో ఎవరో లేచి కట్టె ఎగదోసి వచ్చి మళ్ళీ అర్జునుడి పద్యం అందుకోవడం. పొయ్యి చూసుకునే పెద్దాయన ఒకరుండేవారు, మంట ఆరనివ్వని మనిషి. ఆయన్ని తాత అగ్నిహోత్రావధాన్లు గారూ అని పిలిచేవాడు. కన్యాశుల్కంలో ఆ పేరుగలాయన మాటకి ముందు మండిపడతాడు, మా బ్యారన్ పెద్దాయన మాత్రం మంటని ఎంత దగ్గర పెట్టుకున్నా ఒక్క గట్టిమాట అనేవాడు కాదు. "అసలైన అగ్నిహోత్రి ఈయనేరా, అగ్గి పొయ్యిలో ఉండాలి, నోట్లో కాదు" అని తాత అంటుంటే ఆయన సిగ్గుపడి కట్టెలు సర్దుకునేవాడు.

కన్యాశుల్కం మా ఊళ్ళో ఎప్పుడూ ఆడలేదు. అంత పెద్ద నాటకం ఆడేంత స్తోమత మాకు లేదు. తాత దాన్ని చదివి వినిపించేవాడు. పేరు దగ్గరికొచ్చినప్పుడల్లా ఆగేవాడు. గిరీశం మొదట కనిపించేది విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర. నిజంగా ఆ ఊళ్ళో ఉన్న చోటే అది. "చూడండి, బొంకులు చెప్పేవాణ్ణి తీసుకొచ్చి బొంకులదిబ్బ మీద నిలబెట్టాడు, కల్పించే పనిలేకుండా ఊరే పేరు అందించింది ఆయనకి" అని ఆ ఒక్క మాట మీదే కాసేపు ఉండిపోయేవాడు. లుబ్ధుడంటే పిసినారి, లుబ్ధావధాన్లు పిసినారి. సౌజన్యారావు పంతులు పేరులోనే మంచితనం ఉంది. 1892లో మొదటిసారి ఆడినప్పుడు జనం ఆ పేర్లు వినగానే ఎట్లా నవ్వి ఉంటారో అని ఊహించుకుని ఆయనే నవ్వేవాడు.

ఆ లుబ్ధావధాన్లుని తాత ఊరికే వదల్లేదు. మా ఊళ్ళో ఇరవై ఎకరాల ఆసామి ఒకాయన, పక్కా ఇళ్ళ జాబితాలోనూ బోరు సబ్సిడీ జాబితాలోనూ పేరు రాయించుకున్నాడు. పంచాయతీ గోడ మీద లబ్ధిదారుల పేర్లు అంటించిన రోజు తాత కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఒక్క కొమ్ము తీసేస్తే చాలు, లుబ్ధావధాన్లు లబ్ధావధాన్లు అయిపోయాడు" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ ఆసామి తర్వాత రెండో జాబితాలోంచి తనే పేరు కొట్టేయించుకున్నాడని మా మామ ఇప్పటికీ చెబుతాడు. ఇప్పుడు నేను టీవీలో లబ్ధిదారులు అనే మాట విన్న ప్రతిసారీ ఆ పంచాయతీ గోడే గుర్తొస్తుంది.

గిరీశం మాట వేరే రకంగా వచ్చింది. మా వీధిలో అన్నదమ్ములిద్దరు పొలం గట్టు దగ్గర తగువుపడి, చివరికి ఇంటి పెరట్లో కూడా నడిమధ్య గోడ పెట్టుకున్నారు. చిన్నాయన వచ్చి తాతతో "ఇంక ఈ పక్క వాళ్ళు రారు, ఆ పక్క మేము పోం, గిరి గీశాం" అన్నాడు. తాత వెంటనే "గిరీశం వచ్చాడంటే మాటలు తియ్యగానే ఉంటాయి గానీ కొంపలు నిలబడవు నాయనా" అన్నాడు. ఆయన నవ్వలేదు. నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియని మొహంతో వెళ్ళిపోయాడు. ఆ గోడ ఎనిమిదేళ్ళుంది. పెద్దాయన కూతురు పెళ్ళికి పందిరి వేయడానికి చోటు చాలక పడగొట్టారు. ఆ రోజు చిన్నాయనే వచ్చి "గిరీశాన్ని పంపించేశాం మామా" అని చెప్పాడట. నేనప్పుడు హాస్టల్లో ఉన్నా, అమ్మమ్మ ఉత్తరంలో రాసింది.

అన్నీ ఇంత బరువైనవి కావు. వెదురు బెత్తం వదలని లెక్కల మాస్టారు విదురుడు, ఆయన చెప్పేది వెదురునీతి. కొట్టులో ఎంతమందితో వచ్చినా ఒక్క సింగిల్ టీనే చెప్పి పంచేసే ఆయన, వరవిక్రయం నాటకంలోని పిసినారి సింగరాజు లింగరాజుకి వారసుడిగా సింగిల్‌రాజు. మా హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే కీచుమని అరిచేది, దాన్ని కందుకూరు తీసుకెళ్ళి బాగుచేయించి తెచ్చిన రోజు కీచకవధ అయిందని బెల్లం పంచాడు. కన్యాశుల్కంలో రామప్ప పంతులు పేరు విరిచి, రామ, అప్పు కలిస్తే రామప్పు అనేవాడు, ఇంక చెప్పక్కర్లేదు, అలాంటి పంతులు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. పెట్రోమాక్స్ లైట్లు వెలిగించే కుర్రాడు చెకుముకి శాస్త్రి. ఇది వేదం వేంకటరాయ శాస్త్రి గారి ప్రతాపరుద్రీయంలోది. ఆ నాటకమంటే మా తాతకి ప్రత్యేకమైన గౌరవం, ఎందుకంటే శాస్త్రిగారికి నెల్లూరుతో అనుబంధం ఎక్కువ, అక్కడ ఆంధ్రభాషాభిమాని సమాజం ఆయన నాటకాలు ఆడింది. అందులో అచ్చం రాజుగారి పోలికతో ఉండే పేరిగాడనే పాత్ర ఉంది. రాజు ఒక రకంగా, పేరిగాడు ఒక రకంగా, ఎవరి భాష వాళ్ళదే మాట్లాడతారు. "రాజు పేరు నాటకానికి పెట్టారు గానీ పేరంతా పేరిగాడిదే" అని తాత అనేవాడు, నాకు ఇప్పటికీ అంతకన్నా బాగా ఆ పాత్ర గురించి చెప్పిన మాట కనపడలేదు.

ఆయనకి ఒక కట్టుబాటుండేది. మా వీధిలో వినికిడి సరిగా లేని ఆయన ఉన్నాడు. నా స్నేహితుడొకడు తెలివిగా అనుకుని, ఆయన్ని కర్ణుడు అందామా తాతా అన్నాడు. తాత మొహం మారిపోయింది. "పేరుతో ఆడుకో, ఒంటితో ఆడుకోబాక" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాతో మాట్లాడలేదు. చావు మీదా, పేదరికం మీదా, ఒంటిలోపం మీదా ఆయన ఒక్క మాట కట్టడం నేను వినలేదు. మాట వినగానే చెవికి ఆనాలి, విరిచి చూస్తే వ్యాకరణానికీ ఆనాలి, ఎవరి మీద వేశామో వాళ్ళు కూడా ఇంకొకరికి చెప్పుకునేట్టుండాలి. ఈ మూడూ కుదరకపోతే నోట్లోనే మింగేసేవాడు. ఒక్కోసారి ఏదో మింగుతున్నాడని మొహం చూస్తే తెలిసిపోయేది.

ఈ శ్లేషల పిచ్చి మన నేలలోనే ఉందని ఆయన నమ్మకం. మనుమసిద్ధి రాజు తిక్కనని మామా అని పిలిచేవాడు. ఆ వరస పట్టుకుని, మామవు కదా, నీ భారతీకన్యకని నాకియ్యి అని అడిగాడు. కన్యక అంటే కూతురు కాదు, కావ్యం. నిర్వచనోత్తర రామాయణం అట్లా అంకితమైంది. నెల్లూరెళ్ళినప్పుడల్లా పెన్న వంతెన మీద బస్సులో తాత ఇది చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా కొత్తగా చెబుతున్నట్టే చెప్పేవాడు. "కన్యకనిమ్మన్నాడు గానీ శుల్కం ఊసెత్తలేదు చూడు" అని చివర్లో ఒక ముక్క కలిపేవాడు. ఆ శుల్కమే తెలుగులో సుంకం అయింది. కన్యకి శుల్కం, కాటికి సుంకం, గురజాడ నాటకం మొదలైన మాటా హరిశ్చంద్ర నాటకం ముగిసే మాటా ఒకటే అని ఆయన వేళ్ళు మడిచి చూపించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పదేళ్ళ పిల్లాడికి అర్థమయ్యే సంగతేం కాదు. అయినా జలదరించింది.

హరిశ్చంద్ర అంటే నక్షత్రకుడి సంగతి చెప్పాలి. ఎరువుల బాకీలు వసూలు చేసే ఆయన ఒకరు సైకిలు మీద వచ్చేవారు, సంచిలో ఎర్ర అట్ట పుస్తకం. ఆ ఏడు పొగాకు ధర పడిపోయింది, ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. ఆయన పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుంటే లేచేవాడు కాదు. గట్టిగా అరిచే రకం కాదు, పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని ఊరకే కూర్చుంటాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, అమ్మమ్మ ఆయనకి మజ్జిగిచ్చింది. తాత వచ్చి ఎదురుగా కూర్చుని, "అయ్యా, తమరిని ఏమీ అనలేను, ఎందుకంటే నక్షత్రకుడు అన్నాక పట్టపగలు చుక్కలు చూపించడం ధర్మమే గదా" అన్నాడు. ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, ఎర్ర అట్ట పుస్తకం మోకాలి మీద కొట్టుకుంటూ నవ్వాడు. ఆ మనిషి నవ్వడం ఊళ్ళో ఎవరూ చూడలేదు అప్పటిదాకా.

అంతటితో అయిపోలేదు. విశ్వామిత్రుడు అప్పు వసూలుకి వెంట పంపిన శిష్యుడే నక్షత్రకుడు, హరిశ్చంద్రుణ్ణి కాశీ దాకా వేపుకుతింటాడు. ఈయన మరుసటి వారం వచ్చి, ఆ వేషం మీ నాటకంలో ఎవరు వేస్తున్నారు అని అడిగాడు. పద్యం పాడలేను, మాటలు మాత్రం చెప్పగలను అన్నాడు. తాతకి అంతకన్నా ఏం కావాలి. రాత్రిళ్ళు బ్యారన్ దగ్గరికి సైకిలేసుకుని వచ్చేవాడు, పగలు బాకీ అడిగిన వాళ్ళ పక్కనే కూర్చుని వాళ్ళ బీడీ నిప్పుతోనే తన బీడీ అంటించుకునేవాడు.

1985 శ్రీరామనవమి. రాముడి గుడి ముందు పందిరి, తాటాకు పరదాలు, ఒంగోలు నుంచి అద్దెకు తెచ్చిన తెరలు, డ్రెస్సులు. హరిశ్చంద్రుడికీ చంద్రమతికీ బయటి ఆర్టిస్టులొచ్చారు, మిగతా వేషాలు మా ఊరివే. నక్షత్రకుడు రంగం మీదకొచ్చి కమండలం పక్కన పెట్టి, హరిశ్చంద్రుడి ముందు చెయ్యి చాపి ఏదీ రొక్కం అన్నాడో లేదో పందిరంతా లేచిపోయింది. ముందు కూర్చున్న వాళ్ళలో సగం మంది ఆయనకి బాకీ. ఈలలు, చప్పట్లు, ఒన్స్ మోర్లు. పద్యానికి ఒన్స్ మోర్ అనడం అందరికీ తెలుసు, ఒట్టి డైలాగుకి ఒన్స్ మోర్ అన్న నాటకం నేను మళ్ళీ చూడలేదు. ఆయన మళ్ళీ చెయ్యి చాపాడు, మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత బాకీ అడగడానికి వచ్చినప్పుడు జనం ఆయన్ని అరుగు మీద కాదు, మంచం వేసి కూర్చోబెట్టారు.

ఆ నాటకంలో లోహితాస్యుణ్ణి నేనే. మా అమ్మకి ఇష్టం లేదు, నాటకాల్లో దిగితే చదువు పోతుందని. ప్రకాశం పంతులంతటివాడే చిన్నప్పుడు ఒంగోల్లో వేషాలు వేశాడు, ఆయన చదువేమన్నా పోయిందా అని తాత ఒప్పించాడు. నా మాటలు తక్కువ. దర్భలకి అడవికి వెళ్ళాలి, పాము కరవాలి, చచ్చిపోవాలి, ఆ తర్వాత కాటి సీనులో కదలకుండా పడుకోవాలి. ఆ పడుకోవడమే కష్టం. కాటి సీను మొదట్లో హరిశ్చంద్రుడు జాషువా పద్యాలు పాడతాడు, ఆ రాత్రి వాటికి ఒన్స్ మోర్ మీద ఒన్స్ మోర్, నా వంతు వచ్చేసరికి రెండు దాటింది. నిద్ర ఆపుకోడానికి హార్మోనిస్టు గారి ఆకువక్క పెట్టెలోంచి ఒక ఆకుచిలక తీసి నోట్లో వేసుకున్నాను. ఎప్పుడూ తినలేదు. నోరు మంటెత్తింది, ఉమ్మితే ఎర్రగా వచ్చింది, తుడుచుకుంటే పెదాల నుంచి గడ్డం దాకా పాకింది. చంద్రమతి వచ్చి నన్ను ఎత్తుకోబోతూ చూసి ఆగిపోయింది. తెర లేవబోతోంది.

తాత పక్క తెర దగ్గర పుస్తకంతో నించోని ఉన్నాడు. లాంతరు ఎత్తి నా మొహం చూశాడు. తిడతాడనుకున్నా. ఆయన ఆవిడతో మెల్లగా, "పర్వాలేదమ్మా, ఈ పొద్దుకి పేరుకి తగ్గట్టు తయారయ్యాడు, లోహితమైన ఆస్యం కలవాడు లోహితాస్యుడు, పాడు నువ్వు" అన్నాడు. లోహితం అంటే ఎరుపు, ఆస్యం అంటే నోరు. పురాణాల్లో ఈ పిల్లాడు రోహితాశ్వుడు, ఎర్ర గుర్రం వాడు, మన తెలుగు నాటకానికొచ్చేసరికి లోహితాస్యుడైనాడు, ఎర్ర నోటివాడు. ఇది తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం తెర లేచింది. పాము కరిచిన పిల్లాడి నోట్లోంచి నెత్తురు కారుతున్నట్టే ఉంది, ముందు వరస ఆడవాళ్ళు ఒక్కసారి అయ్యో అన్నారు, చంద్రమతి గొంతు కూడా ఎక్కడో జీరబోయింది. నా చెంప మీద దోమ వాలింది. పక్క తెరలోంచి, చంద్రమతికి పద్యం ఎత్తుగడ అందిస్తూ అందిస్తూ మధ్యలో, నాకు ఒక్కడికే వినపడేట్టు "కదలబాకరా అబ్బయ్యా" అన్న మాట వచ్చింది. కదల్లేదు.

ఇంక పెట్టె సంగతి. అందులో పుస్తకాలు చాలావరకు చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఒక నోటుబుక్కు ఉంది, ప్రతి నాటకానికీ ఒక పేజీ, ఎడమ వైపు పాత్రలు, కుడి వైపు పాత్రధారులు. ఆ పక్క మార్జిన్‌లో సన్నటి పెన్సిలుతో విరిచిన పేర్లు. కొన్ని నేనెప్పుడూ విననివి. కొన్నింటి మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. వీటిని మింగేసి ఉంటాడు. కర్ణుడి పేరు దగ్గర మార్జిన్ ఖాళీగా ఉంది.

పాత్రలు అనే మాట చూసి నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ శ్లేష చెప్పే మనిషి కాదు, తాత చెబితే నవ్వేది కూడా కాదు. కానీ రిహార్సల్ నుంచి అర్ధరాత్రి పదిమందిని వెంటేసుకుని వచ్చి అన్నం పెట్టమన్నప్పుడు, "నీ పాత్రలు ఏడాదికొక రోజు, నా పాత్రలు రోజూ తోమాల్సిందే" అనేది. తాత అది విని ఆ రోజు నిజంగా నూతి దగ్గర కూర్చుని అంట్లు తోమాడు, నేను నీళ్ళు పోశాను.

నాటకం అయిన ఏడాదే పొగాకు అమ్మిన డబ్బుల్లో తాత ఒక ఇత్తడి బిందె కొన్నాడు. గిన్నెల మీద పేరు కొట్టించడం మామూలే కదా, చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొడతారు. తాత దాని మీద అమ్మమ్మ పేరుకి బదులు 'చంద్రమతి 1985' అని కొట్టించుకొచ్చాడు. ఆమె బిందె చూసి మురిసి, పేరు చదువుకుని మండిపడింది. "ఆ మహానుభావుడు అప్పు తీర్చడానికి పెళ్ళాన్ని కాశీ బజార్లో అమ్మాడు, ఆ పేరా నాకు? ఎవరికి అమ్ముదామని?" అంది. అప్పులున్నా నేను అమ్మలేదు, కొన్నాను, బిందె చూడు అని తాత ఏదో చెప్పబోయాడు గానీ ఆమె వినలేదు. ఆ బిందెలో రెండేళ్ళు నీళ్ళు పట్టలేదు, అటక కింద గూట్లో బోర్లించి పెట్టింది.

తర్వాత రోజులు బాగాలేవు. 2000-01లో పొగాకుకి క్రాప్ హాలిడే పెట్టారు, అంటే ఆ ఏడు పంట వేయకూడదు, మా బ్యారన్లు ఆ ఏడు మండలేదు. బాకీలు పెరిగాయి. ఇంట్లో ఉన్న ఇత్తడి, కంచు ఒక్కొక్కటే బయటికి పోయాయి. గంగాళం పోయింది, కాగులు పోయాయి, అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచు చెంబులు పోయాయి. నేను అప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లోనే ఉన్నా. తూకం వేసుకునే ఆయన వసారాలో కూర్చుని ఒక్కోటీ కాటాలో పెడుతున్నాడు. చివర్లో తాత లోపలికెళ్ళి గూట్లోంచి ఆ బిందె తెచ్చి పెట్టాడు. అమ్మమ్మ వంటింటి గడప దగ్గర నించోని చూస్తోంది. గబగబా వచ్చి బిందె కాటాలోంచి తీసి చంకన పెట్టుకుంది.

"చంద్రమతిని ఒకసారి అమ్మింది చాలు" అంది.

తూకం ఆయనకి అర్థం కాలేదు. తాతకి అర్థమైంది. ముప్పై ఏళ్ళు తెర వెనక నించోని అందరికీ మాట అందించిన మనిషి, ఆమె చంకలోంచి బిందె తీసుకుని, పై కండువాతో ఆ చుక్కల అక్షరాలు తుడుచుకుంటూ లోపలికెళ్ళి మళ్ళీ గూట్లో పెట్టి వచ్చాడు.